విడుపు ముల్లు

1

మూడో వీధి గాలి కాపరి పోలమ్మ రాస్తున్నది. ఈ చిట్టా నిండాక కొండ గుమ్మం పెద్దలు చదువుతారు కాబట్టి ముందే చెబుతున్నాను, నాకు అందమైన రాత రాదు, ఓపిక అసలే లేదు.

ఈ పొద్దున మీటర్లు తుడుస్తుంటే ఒక తిక్క కనబడింది. మా వీధికి ఆరిళ్ళు, ఆరు మీటర్లు. ఒక్కో మీటరులో రెండు ముళ్ళు. ఎర్రది పీల్పు ముల్లు, ఆ ఇంట్లో వాళ్ళు ఎంత ప్రాణవాయువు లోపలికి తీసుకున్నారో చెబుతుంది. నల్లది విడుపు ముల్లు, ఎంత బొగ్గుపులుసు వాయువు బయటికి వదిలారో చెబుతుంది. బయట ఊపిరాడదు కాబట్టి కొండ లోపల బతికే మేమందరం తినేది ఒకే వంటగది అన్నం. అందుకే ఏ ఇంటి మీటరు చూసినా నల్లముల్లు ఎర్రదానికి వెంట్రుకవాసి వెనక నడుస్తుంది, పెద్దకోడలి వెనక చిన్నకోడలిలా. దాటి ముందుకు పోవడం నా కొలువులో నేనెన్నడూ చూడలేదు.

ఇవాళ దాటింది. అదీ మా ఇంటి మీటరులో.

మా ఇంట్లో ఉన్నది ఇద్దరం, నేనూ నా చెల్లెలు నరసమ్మా. పీల్చినదానికంటే ఎక్కువ ఎలా వదులుతామో నాకు అర్థం కాలేదు. మీటరు నెత్తి మీద రెండు మొట్టికాయలు వేశాను. ముల్లు కదల్లేదు.

అడుగు వరుస మీటర్లు కూడా తుడిచాను. అవి అవతలి కొండకు పోయే పాత బండిదారి మజిలీలవి. బండ్లు చచ్చిపోయి ఏళ్ళయింది, తీగ మాత్రం బతికుంది. ముళ్ళు పడుకునే ఉంటాయి. ఆ వరుసలో చివరిది అవతలి కొండ గుమ్మం గదిది. తుడవమని ఎవరూ చెప్పలేదు గానీ దుమ్ము చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

2

నల్లముల్లు ఇంకా ముందుకు పోయింది. అది చాలదన్నట్టు ఇంకో వింత. మిగతా అయిదిళ్ళలోనూ నల్లముల్లు మామూలుకంటే కొంచెం వెనకబడింది. అయిదిళ్ళలో తగ్గడమేమిటి, మా ఒక్క ఇంట్లో పెరగడమేమిటి? గాలి గొట్టాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయేమోనని పొద్దంతా పైకప్పు కింద పాకాను. గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. నా మోకాళ్ళే చెడ్డాయి.

ఇల్లు కూడా ఏదోలా ఉంది. వెచ్చగా ఉంది. గోడలు చెమర్చి నీళ్ళు కారుతున్నాయి. బడిలో మాకు నేర్పిన పాఠం గుర్తు చేసుకున్నాను. తిన్న అన్నం అరిగి చక్కెరై నెత్తురులో కలుస్తుంది. ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా ఉంటాయి. అది పుస్తకాల మాట, మేం వాటిని కుంపట్లు అంటాం. ఆ కుంపట్లలో చక్కెర ప్రాణవాయువుతో కలిసి మెల్లగా కాలుతుంది. మంట కనబడదు, పొగ రాదు. సత్తువ వస్తుంది, వేడి వస్తుంది, కాసిని నీళ్ళు వస్తాయి, విడుపు గాలి వస్తుంది. అంటే మా ఇంట్లో ఎవరివో కుంపట్లు గట్టిగా రాజుకున్నాయన్నమాట. మరి అలా రాజుకుంటే ఎర్రముల్లు కూడా నల్లదానితో సమంగా పెరగాలి కదా. పెరగలేదు. ఎంత ఆలోచించినా బుర్ర తిరగడం తప్ప ఏమీ తేలలేదు.

నర్సికి చెప్పాను. అది ముసుగులు కుడుతోంది, తల ఎత్తలేదు.

"మీటరు ముసలిదైపోయింది గావాల," అంది.

ఈమధ్య అది నాతో సరిగా మాట్లాడటం లేదు. దాని కూతురు కాంచన పని నేర్చుకోవడానికని ఆఖరి బండిలో అవతలి కొండకు పోయి అక్కడే ఉండిపోయింది. అక్కడే పెళ్ళి చేసుకుంది. రెండు నెలల కింద మాటతీగ మీద కబురొచ్చింది, కాంచన నీళ్ళోసుకుందని. నేను వీధంతా బెల్లం పంచాను. నర్సి మాత్రం ఆ రోజు నుంచి మూగనోము పట్టినట్టుంది. దుఃఖమే కదా అని నేనూ కదపలేదు. బండి లేదు, నడిచిపోవడానికి గుమ్మం పెద్దలు ఒప్పుకోరు. ఏం చేస్తాం.

3

పరువు పోయింది.

వీధి పెద్ద దాలినాయుడు మనుషుల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. విడుపు ముల్లు పీల్పు ముల్లును దాటితే మా కొండలో అందరికీ తెలిసి, మా ఇల్లు కాబట్టి నాకు మాత్రం తట్టని కారణం ఒక్కటే, ఎవరో దొంగచాటుగా సారా పెట్టడం. కుండలో పులిసే పిండి గాలి పీల్చకుండానే చక్కెర తిని విడుపు గాలి వదులుతుంది. మనుషులు పీల్చేది అంతే ఉంటుంది, వదిలేది పెరుగుతుంది.

"అప్పా, మనసులో ఏటీ ఎట్టుకోకు," అన్నాడు దాలినాయుడు అక్క వరస కలుపుతూ. "ముల్లు దాటినాక ఇల్లు సూడకపోతే నా మీద మాటొస్తాది."

"సూడు బావూ, సూడు. గాలి కాపరి ఇంట్లో సారా కుండ. ఎంత బాగుంటాదో."

మంచం కింద చూశారు. నీళ్ళతొట్టి చూశారు. ఆవకాయ జాడీలో గరిటె పెట్టి అడుగుదాకా కెలికారు. దాలినాయుడు ఎంత గంభీరంగా కెలికాడంటే, వాడి మొహం చూసి నాకే ఒక క్షణం అనుమానం వేసింది, నేను నిజంగా ఏమైనా దాచానేమోనని. కుండ దొరకలేదు. వాడు పోతూ పోతూ నర్సి వైపు ఒక చూపు చూశాడు. అది తల దించుకుంది.

అక్కడ పుట్టింది నా అనుమానం.

4

తప్పని తెలిసే చేశాను. నర్సి నిద్ర లేవకముందు దాని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. అది కళ్ళు తెరిచింది.

"నా నోరు వాసన సూస్తన్నావా? నీకు సిగ్గు నేదా అప్పా?"

"నువ్వు కుట్టుగదికి పోయినప్పుడు ముళ్ళు సరిగ్గా ఉంటన్నాయే. నువ్వింటికొచ్చి పడుకుంటే నల్లది పరిగెడతన్నాది. నన్నేటి సెయ్యమంటావు?"

"నానేటీ తాగనేదు."

"మరేటి సేస్తన్నావు?"

అది గోడవైపు తిరిగి పడుకుంది. వాసనైతే సారాది కాదు. బెల్లం వేసిన పరవాన్నం వాసన. పరవాన్నం వండి ఎన్నాళ్ళయిందో వంటగదిలో. నాకు మరీ అయోమయంగా ఉంది.

ఇంట్లో నా ఎదురుగా అది తినేది నేను తిన్నంతే. రెండు గరిటెలు, వంటగది కొలత. లెక్క పెట్టాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

5

ఇవాళ జరిగింది రాయడానికి ముందు మా ఇద్దరి ఒళ్ళ గురించి చెప్పాలి. నేను బొద్దు. నర్సి చిన్నప్పటినుంచీ చువ్వ. గాలేస్తే ఎగిరిపోతావని మా అమ్మ దాన్ని ఏడిపించేది. దాని రవికె నాకు మోచేతి దగ్గరే ఆగిపోతుంది.

పొద్దున తొందరలో తీగ మీదున్న రవికె తీసి తొడుక్కుని మీటర్ల గదికి వచ్చాను. సగం పని అయ్యాక చంక కింద చూసుకుంటే ఆకుపచ్చ దారంతో వేసిన అతుకు కనబడింది. ఆ అతుకు నాది కాదు. నర్సిది.

రవికె నాకు సరిగ్గా సరిపోయింది.

కుట్లు విప్పి చూశాను. లోపల మడిచి దాచిన గుడ్డంతా వదిలేసి, మళ్ళీ కుట్టి, మళ్ళీ వదిలేసి ఉంది. మా వీధి చలికి అందరం మూడేసి బట్టలు కట్టుకుంటాం. ఆ బట్టల కింద నా చెల్లెలు నాకు తెలియకుండా నా అంత అయింది.

నేరుగా తవిటయ్య తాత దగ్గరికి పోయాను. నా ముందు ఈ వీధికి గాలి కాపరి ఆయనే. రవికె ఆయన ముందు పడేశాను. ఆయన దాన్ని చూసి నిట్టూర్చాడు.

"తెలిసిపోనాదా," అన్నాడు.

"ఏటి తెలిసిపోనాదా? తాతా, నాకు మీటరే అర్థం కావడం నేదు."

"అన్నంలో ప్రాణవాయువు వంతు ఎక్కువుంటాదే పోలీ. తిన్నదంతా కాలిపోతే రెండు ముళ్ళూ జంటగా నడుస్తాయి. మితిమీరి తింటే ఒళ్ళు దాన్ని కొవ్వుగా దాసుకుంటాది. కొవ్వులో ఆ వాయువుకి సోటు తక్కువ. అందుకని ఒళ్ళు బయట గాలి అడక్కుండా అన్నంలోని దాంతోనే పని కానిచ్చుకుంటాది. విడుపు మాత్రం మామూలే. అప్పుడు నల్లముల్లు దాటుతాది. నాను నా వయసులో ఒక్క పనికే సూసినాను. నడకోడిని మేపినప్పుడు."

నడకోడు. ఆ మాట వీధిలో ఎవరూ అనక ఏళ్ళయింది.

బండ్లు చచ్చిన కొత్తలో అవతలి కొండకు నడిచిపోయేవాళ్ళు. పక్షం పైనే నడక. మజిలీ అంటే గది కాదు, రాతి చాటున గాలి సిలిండరు. ముసుగు గొట్టం దానికి తగిలించుకుని కూర్చోవాలి, ముందు నడకకి వీపున మోసే డబ్బా నింపుకోవాలి. నీళ్ళు ఒంటికి కట్టుకున్న తిత్తిలోంచి గొట్టంతో తాగొచ్చు. తినడానికి మాత్రం ముసుగు తియ్యాలి, తీస్తే చావే. కాబట్టి తిండి మోసుకుపోయే పద్ధతి ఒక్కటే, ఒంట్లోనే మోసుకుపోవడం. నడవబోయే మనిషికి వీధంతా ఇంటికో ముద్ద ఎక్కువ పెట్టి నెలల తరబడి మేపేవాళ్ళు. దాన్ని సాగనంపు ముద్ద అనేవాళ్ళు. ఆఖరున సూరప్పడనే ఆయన్ని, సన్నగా ఉన్నాడు, వడిగా పోతాడని, సరిగ్గా మేపకుండా పంపారు. దారిలో నల్లముల్లు బాగా వెనక్కి పోయింది, కొవ్వు కాలుతోంది, బాగుందనుకున్నారు. తర్వాత అది కొంచెం ముందుకొచ్చింది. అప్పుడు కాపరిగా ఉన్న తవిటయ్య, ఏదో తిన్నాడని సంతోషించి వీధిలో చెప్పాడట. తినలేదు. కొవ్వు అయిపోయి కండ కాలడం మొదలైంది, కండ కాలినా ముల్లు అలాగే జరుగుతుంది. మర్నాటికి రెండు ముళ్ళూ పడుకున్నాయి. అప్పటినుంచీ నడక నిషేధం, సాగనంపు ముద్ద నిషేధం.

"ఎవలు ఎడతన్నారు దానికి?" అని అడిగాను.

తవిటయ్య చేతివేళ్ళు అయిదూ విప్పి చూపించాడు. పేర్లు చెప్పక్కర్లేదు. అయిదిళ్ళలో నల్లముల్లు ఎందుకు వెనకబడిందో నాకప్పుడు వెలిగింది. అయిదిళ్ళవాళ్ళూ కడుపు కాస్త మాడ్చుకుని, కుట్టిన బట్టలు ఇవ్వడానికి వచ్చిన నర్సికి బెల్లం కలిపి తలా ఒక ముద్ద పెడుతున్నారు. ఆవకాయ జాడీ కెలికిన దాలినాయుడు కూడా.

"వీధంతా తెలుసు. నాకొక్కదానికే తెలీదు," అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నువ్వు గాలి మీద ఒట్టేసినదానివే. ముల్లు దాయనని. నీకు సెప్తే నువ్వు రాయాల. రాస్తే దాన్ని ఆపేస్తారు. అందుకని సెప్పనేదు."

6

నర్సితో పెద్ద పోట్లాట. మేం అంత గట్టిగా అరుచుకోవడం మా అమ్మ పోయిన తర్వాత ఇదే.

"సూరప్పడిలాగ రాళ్ళ మధ్యని కూకుని సచ్చిపోతావు," అన్నాను.

"సూరప్పడు సన్నంగుండేవోడు. నన్ను సూడు."

"నీ మోకాళ్ళు నాకు తెలవ్వా?"

"అప్పా, దానికిది తొలి కాన్పు. ఆ కొండలో దానికెవరున్నారే? అత్త నేదు. పురుడు పోసిన సెయ్యి అక్కడ ఒకటీ నేదు. తల్లుండీ తల్లి నేనట్టు కనాలా అది?"

మా ఆచారమే అది, తొలి కాన్పు తల్లి చేతి మీద జరగాలని. ఆచారం సంగతి పక్కన పెట్టినా, కాంచనను పెంచింది మేమిద్దరం. దానికి ముద్దలు తినిపించింది నేను. నర్సి పోతే నాకెవరూ మిగలరు. నర్సి పోకపోతే అక్కడ పిల్లకు ఏమవుతుందో తెలియదు. గుమ్మానికి ఒక్క మాట చెబితే చాలు, నా చెల్లెలు నా దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, ఎందుకు ఆగుతోందో కూడా నాకు తెలియడం లేదు.

ఒట్టేశాను కాబట్టి ముళ్ళు ఉన్నవి ఉన్నట్టే రాశాను, పైన చూసుకోండి. కానీ చిట్టా నిండాకే గుమ్మానికి పంపాలన్నది మీరు పెట్టిన రూలే. ఇంకా నిండలేదు. ఈ పేజీ నుంచి నా అక్షరాలు చిన్నవిగా ఉంటే, కళ్ళు మసకబారాయి అనుకోండి.

7

అన్నం వచ్చింది. నా రెండు గరిటెల్లో ఒకటి తీసి నర్సి కంచంలో వేశాను.

అది నా మొహంలోకి చూసింది.

"తిను," అన్నాను. "నీ ముల్లు సాల్దు. ఇంకా ముందరికి పోవాల."

తింటూ ఏడ్చింది. ఏడుస్తూ తింటే గొంతుకు అడ్డం పడుతుందని తిట్టాను.

8

పోయింది.

నెలల తరబడి మేపాక, కాంచనకు నెలలు నిండుతుండగా బయల్దేరింది. తనే కుట్టుకున్న ముసుగు, తనే కుట్టుకున్న నడక బట్టలు. బట్టల్లో దాన్ని కూరడానికి నేనూ ఎదురింటి రావులమ్మా చెరో పక్క పట్టి లాగాల్సి వచ్చింది. నీళ్ళతిత్తి కడుపు మీద కట్టాను, ఒంటి వేడికి గడ్డకట్టకుండా ఉంటుందని. కొవ్వు కరిగినప్పుడు ఒంట్లోనే కొన్ని నీళ్ళు పుడతాయిలే, భయపడకు అని తవిటయ్య చెప్పాడు. గుమ్మం దగ్గర కాపలా ఎవరిదో ఆ మనిషి కాస్త టీ తాగడానికి పోయాడు. పేరు అడగొద్దు, నాకు తెలియదు.

"అప్పా, దాని సీమంతానికని నువ్వు కట్టిన మూట మర్సిపోనాను," అంది ముసుగులోంచి.

"మర్సిపోలేదు, నానే తీసీసినాను. బరువు. నువ్వెల్లు."

మీటర్ల గదికి తిరిగొచ్చేసరికి మా ఇంటి మీటరులో ముళ్ళు సగానికి దిగి ఉన్నాయి. ఒక్క మనిషి ఊపిరి.

9

మొదటి మజిలీ మీటరు లేచింది. ఏళ్ళుగా పడుకున్న ముళ్ళు ఉలిక్కిపడి లేచాయి. ఎర్రది ఎత్తున ఉంది, నడిచొచ్చిన ఆయాసం. నల్లది దానికి కొంచెం వెనక.

రెండో మజిలీలో నల్లది బాగా వెనక్కి పోయింది. దాచుకున్న కొవ్వు ఇప్పుడు కుంపట్లలోకి పోతోంది. అప్పుడు పీల్చకుండా మిగుల్చుకున్న వాయువంతా ఇప్పుడు సిలిండరులోంచి పీలుస్తోంది. అవి అయిదిళ్ళ ముద్దలు. ఈ మజిలీలో కాలుతున్నది రావులమ్మ ముద్దో, దాలినాయుడి ముద్దో.

10

మూడు, నాలుగు దాటింది. సూరప్పడు ఆగిపోయిన చోటు దాటింది. వీధివాళ్ళు పని మానుకుని వచ్చి మీటర్ల గదిలో కూర్చుంటున్నారు. పనీపాటా లేదా అని కసిరాను. ఎవరూ కదల్లేదు.

11

ఆరో మజిలీలో, అంటే అవతలి గుమ్మానికి ముందు ఆఖరి మజిలీలో, నల్లముల్లు కొంచెం ముందుకు జరిగింది.

నాకు తెలుసు అదేమిటో. తెలిసీ, కాదేమో అనుకుంటున్నాను. గొట్టంలో తేమ చేరిందేమో. తీగకు చలి పట్టిందేమో. తినడానికి అక్కడ రాళ్ళు తప్ప ఏమున్నాయి? అంత మేపాం కదా, అప్పుడే ఎలా అయిపోతుంది? దారి తప్పి తిరిగిందా? నా రెండో గరిటె కూడా ఎందుకు పెట్టలేదు నేను? తవిటయ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన్ను అడిగితే, "ఈపాలి నానేటీ సెప్పను," అన్నాడు.

తర్వాత రెండు ముళ్ళూ పడుకున్నాయి. సిలిండరు విప్పి బయల్దేరిందా, అక్కడే ఉందా, మీటరుకు తెలియదు.

12

ఏమీ లేదు. మీటర్లు తుడిచాను. మళ్ళీ తుడిచాను. మాటతీగ మీ గుమ్మం గదిలో ఉంది, అవతలి కొండను అడుగుదామంటే సంగతి బయటపడుతుంది.

13

ఏమీ లేదు. దాలినాయుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడూ ఒక గుడ్డ తీసుకుని మీటర్లు తుడిచాడు. నర్సి నోరు వాసన చూసిన పొద్దు పదే పదే గుర్తొస్తోంది.

14

చివరి మీటరు లేచింది.

మొదట నేను నమ్మలేదు. అది మజిలీ మీటరు కాదు, అవతలి కొండ గుమ్మం గది మీటరు. బయటి నుంచి వచ్చిన వాళ్ళని దుమ్ము పోయేదాకా ఒంటరిగా కూర్చోబెట్టే గది అది. ఎర్రముల్లు ఒక మనిషంత. నల్లముల్లు వెనకే, కండ కాలే చోటే, వణుకుతూ నిలబడింది. వచ్చింది సరే, ఏ స్థితిలో వచ్చిందో. పడిపోయి ఉందా? ఎవరైనా దగ్గరున్నారా? గదిలో అందరం నిలబడిపోయాం.

చాలాసేపటికి నల్లముల్లు కదిలింది. ముందుకు. ఇంకొంచెం ముందుకు. కండ కాలే చోటు దాటింది. మెల్లగా, మెల్లగా పోయి ఎర్రముల్లు పక్కన వెంట్రుకవాసి వెనక నిలబడింది.

అది అన్నం ముల్లు. కండకు గానీ కొవ్వుకు గానీ అంత దూరం రాదు. ఎవరో మా నర్సికి అన్నం పెట్టారు. మా నర్సి తిన్నది.

రావులమ్మ ఏడుస్తూ నన్ను పట్టుకుంది. దాలినాయుడు ముక్కు చీదుకున్నాడు. తవిటయ్య మాత్రం పై వరుస వైపు వేలు చూపించాడు.

"పోలీ, అది సరే గానీ, ఇదెవలిల్లు?"

ఆ మీటరులో నల్లముల్లు బాగా వెనకబడి ఉంది. ఎర్రది సన్నగా ఆడుతోంది. ఎవరో తిండి మానేసి తమ ఒళ్ళు తామే కాల్చుకుంటున్న ఇల్లు. ఎవరిదా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. మాది. ఆరో మజిలీ నాటి నుంచి నేను కంచం ముట్టలేదు. అంతమంది ముళ్ళు చూసిన దాన్ని నాది చూసుకోలేదు.

రావులమ్మ వాళ్ళింటి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. తలా ఒక ముద్ద వేశారు అందులో. అక్కడే, మీటర్ల కింద కూర్చుని తిన్నాను. తింటూ ఏడిస్తే గొంతుకు అడ్డం పడుతుందని దాలినాయుడు నన్ను తిట్టాడు.

కాసేపటికి పై వరుసలో మా ఇంటి మీటరు, అడుగు వరుసలో చివరి మీటరు ఒకేలా ఉన్నాయి. రెండింటిలోనూ ఒక్కో మనిషి ఊపిరి, రెండింటిలోనూ అన్నం.

చిట్టా నిండింది. రూలు ప్రకారం గుమ్మానికి పంపిస్తున్నాను. శిక్ష ఏదైనా నాకే వెయ్యండి, ఎంత పెద్దదైనా సరే. కొత్త చిట్టా మాత్రం త్వరగా ఇవ్వండి. అడుగు వరుస మీటరు నేను చూస్తూ ఉండాలి. రేపోమాపో ఆ ఊరి గాలిలో ఇంకొక చిన్న ఊపిరి కలుస్తుంది.